తాలు కాయల్లో ప్లూటో

ప్లూటోని గ్రహాల జాబితాలోంచి తీసేశారని పేపర్లో చదివిన రోజున నేను డైరీలో "మంచి పని చేశారు" అని రాసుకున్నాను. అప్పటికి నాకింకా ఉద్యోగం ఉంది. పత్తి గ్రేడింగు నా పని. బోరెం సంచిలోంచి చిటికెడు దూది తీసి, రెండు చేతుల బొటనవేళ్ళతో లాగి, పోగుల పొడవు చూసి, ఇది పొట్టి పింజ, ఇది మధ్య పింజ, ఇది పొడుగు పింజ అని తేల్చాలి. అటూ ఇటూ కాని సరుకు వస్తే రైతు ఒకటంటాడు, కొనేవాడు ఒకటంటాడు, మధ్యలో నేను గీత గీయాలి. ఎక్కడో ఒకచోట గీత గీయకపోతే ఆ రోజు ఇంటికి వెళ్ళలేం. కాబట్టి ఆకాశంలో గీత గీసిన వాళ్ళెవరో నా బాపతు మనుషులే అనిపించింది.

మా ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు.

"ఇన్నాళ్ళూ ఉన్నవాణ్ణి అట్టా ఎట్టా తీసేస్తారండీ? వాడేం చేశాడని?"

"ఏం చెయ్యలేదు. చిన్నవాడని తీశారు."

"చిన్నవాడైతే తీసేస్తారా? బాగానే ఉంది. అయినా గుళ్ళో నవగ్రహాల్లో వాడెప్పుడూ లేడులెండి. నా ప్రదక్షిణాలకి వచ్చిన నష్టం లేదు."

అంతటితో ఆ విషయం మా ఇంట్లో ముగిసిందనుకున్నాను. మళ్ళీ ఈమధ్య మా కోడలి పుణ్యమా అని మొదలైంది.

మా కోడలు భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. మా అబ్బాయి మార్టూరులో గ్రానైటు పాలిష్ చేసే యూనిట్లో లెక్కలు చూస్తాడు. పొద్దున్నే డబ్బా పట్టుకుని వెళ్ళిపోతాడు కాబట్టి ఈ కథలో అతనికి పెద్దగా పాత్ర లేదు. కోడలు మా ఊరి ప్రైవేటు స్కూల్లో చేరి చాలా ఏళ్ళయింది. చేరేటప్పుడు ఖాళీ ఉన్నది చిన్న క్లాసుల్లోనే. "ముందు చేరమ్మా, తర్వాత చూద్దాం" అన్నాడు కరస్పాండెంటు. ఆ 'తర్వాత' రానే లేదు. మూడో తరగతికి ఎక్కాలు చెబుతూ, ముక్కులు తుడుస్తూ ఉండిపోయింది. హాజరు రిజిస్టర్లో ఆమె పేరు ఎదురుగా 'ప్రైమరీ అసిస్టెంట్' అని ఉంటుంది. హైస్కూలు టీచర్లు సెలవు పెట్టినప్పుడల్లా వాళ్ళ క్లాసులు మాత్రం ఈమే చెబుతుంది. చెప్పేటప్పుడు హైస్కూలు టీచరు, సంతకం పెట్టేటప్పుడు అసిస్టెంటు.

ఈ వేసవికి ముందు హైస్కూల్లో సైన్సు చెప్పే ఆయన మానేస్తున్నట్టు తెలిసింది. కోడలు వెళ్ళి అడిగింది. కరస్పాండెంటు కాదనలేదు, అవుననలేదు. ఎనిమిదో తరగతి పిల్లలకి తన ఎదురుగా ఒక డెమో క్లాసు చెప్పమన్నాడు. నచ్చితే ఆ ఉద్యోగం ఈమెకి. నచ్చకపోతే బయటినుంచి ఎవరినో తెస్తాడు, ఈమె మళ్ళీ ఎక్కాలకి. పాఠం కూడా ఆయనే చెప్పాడు: నెప్ట్యూన్ అవతల ఉండే మరుగుజ్జు గ్రహాలు.

"ఏడుపు పాఠం ఇచ్చాడు. దాన్లో చూపించడానికేం ఉంది?" అంది మా ఆవిడ.

"ఏం లేకపోవడం ఏంటి అత్తయ్యా! ఒకటా రెండా!" అని కోడలు ఆ సాయంత్రమే వసారాలో మా మీద సాధన మొదలుపెట్టింది. వినడానికి ముగ్గురం. నేను, మా ఆవిడ, మా ఆవిడ తమ్ముడు. బావమరిది మిరప వేస్తాడు. అతని కల్లం, అంటే కాయలు ఆరబోసే జాగా, స్కూలుకి కూతవేటు దూరంలో రోడ్డు పక్కనే ఉంటుంది. కోతల కాలంలో పగలంతా అక్కడ, సాయంత్రం కాఫీకి మా ఇంట్లో.

కోడలు బాగానే చెప్పింది. నెప్ట్యూన్ దాటాక మంచు ముద్దలు లెక్కలేనన్ని సూర్యుడి చుట్టూ తిరుగుతుంటాయని, వాటి మధ్యే ప్లూటో ఉందని, ఒక చుట్టు తిరగడానికి దానికి రెండొందల నలభై ఎనిమిదేళ్ళు పడుతుందని చెప్పింది. ఎరిస్ అని ఇంకొకటి దొరికింది. అది ప్లూటో కంటే కొంచెం చిన్నది, కానీ బరువెక్కువ. హౌమియా అని ఒకటి కోలగా ఉండి, బొంగరంలా నాలుగు గంటలకోసారి తన చుట్టూ తను తిరుగుతుంది. మాకేమాకే అని మరొకటి. ప్లూటో గ్రహమైతే వీటినేం చేయాలి? అందుకని మూడు నియమాలు పెట్టారు. సూర్యుడి చుట్టూ తిరగాలి. తన బరువుకి తనే గుండ్రంగా అవాలి. మూడోది, తన దారిలో తనతో పాటు ఇంకేవీ లేకుండా చోటు చేసుకోవాలి. మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే మరుగుజ్జు గ్రహం.

"మూడోది అర్థం కాలేదమ్మాయ్" అన్నాడు బావమరిది. "చోటు చేసుకోవడం ఏంది? గ్రహం ఊడ్చుకుంటదా?"

"ఊడ్చుకోవడమే అనుకో బాబాయ్. పెద్దదాని ఆకర్షణకి దగ్గర్లో ఉన్నవి దానిలో కలిసిపోతాయి, లేదా ఎగిరి అవతల పడతాయి."

"అయితే పెద్ద రైతు పక్కన చిన్న రైతు పొలం లాగా అన్నమాట."

"నువ్వు అక్కడికి పోకురా" అంది మా ఆవిడ.

కోడలి మొహం చిన్నబోయింది. పెద్దవాళ్ళకే అర్థం కానిది పిల్లలకేం అర్థమవుతుంది? అప్పుడు ఆలోచన చెప్పింది నేనే. స్కూలుకి ఆటస్థలం లేదు, బియ్యం కొట్టు పైన రెండంతస్తులు, అంతే. బావమరిది కల్లంలో ఒక మూల ఖాళీ చేయిస్తే సూర్యకుటుంబం మొత్తం నేలమీద పరచి చూపించవచ్చు. కరస్పాండెంటు వెంటనే ఒప్పుకున్నాడు. పాఠం సంగతి ఎలా ఉన్నా, అడ్మిషన్ల కరపత్రంలోకి ఫోటోలు వస్తాయని ఆయన ఆశ.

నేను కొలతలు వేశాను. సూర్యుణ్ణి మనిషి భుజం ఎత్తు పెడితే ప్లూటో మిరపగింజ కంటే చిన్నది, దాన్ని ఆరు కిలోమీటర్ల అవతల పెట్టాలి. ఎరిస్ ఇప్పుడున్న చోటు పద్నాలుగు కిలోమీటర్లు దాటుతుంది.

"అయితే పిల్లల్ని బస్సెక్కించమంటారా మావయ్యగారూ?" అంది కోడలు.

"కొలత తప్పకూడదమ్మా."

"కొలత తప్పకపోతే పాఠం తప్పుతుంది. దూరాలు నోటితో చెప్తాను, మీరు వరస చూసుకోండి చాలు."

అలా నా కొలతలు పక్కకు పోయాయి. ముందురోజు సాయంత్రం ఇద్దరం కల్లానికి వెళ్ళి ముగ్గుపిండితో గుండ్రాలు గీశాం. నడుమ గుమ్మడికాయ సూర్యుడు. గురుడికి కొబ్బరికాయ, శనికి బత్తాయి, దాని చుట్టూ వలయానికి మా ఆవిడ గాజు. యురేనస్, నెప్ట్యూన్లకి రెండు నిమ్మకాయలు. భూమి, శుక్రుడు శనగగింజలు, మిగతా రెండూ మిరియాలు. నెప్ట్యూన్ అవతల మంచు ముద్దల పట్టీ కోసం ఎండుమిరపకాయలు వెడల్పుగా పరిచాం. మరుగుజ్జు గ్రహాలు ఆ ఎర్రటి కాయల గుంపులో కలిసి ఉండాలి, కానీ పిల్లలు గుర్తుపట్టగలగాలి. అందుకని నేను తాలు కాయలు ఎంచాను. తాలు అంటే రంగు పోయి తెల్లబారిన కాయ. ఎర్రకాయల్లో దూరంనుంచే కనిపిస్తుంది. ప్లూటోకి ఒకటి, ఎరిస్‌కి ఒకటి, మాకేమాకేకి ఒకటి, హౌమియాకి బాగా పొడుగాటిది. చూడటానికి ఎంత బాగుందంటే, నా ఉద్యోగంలో అంత చక్కటి అమరిక ఎప్పుడూ చేయలేదని డైరీలో రాసుకున్నాను.

కల్లంలో ఆడవాళ్ళ ముఠా పనిచేస్తుంది. కుప్పలోంచి తాలు కాయలు ఏరి వేరు చేయడం వాళ్ళ పని. ఎర్రకాయల్లో తాలు కలిస్తే మిర్చి యార్డులో ధర పోతుంది. ఆ మూల ముట్టుకోవద్దని వాళ్ళకి చెప్పమని బావమరిదికి మరీమరీ చెప్పాను. అతను చెప్పాడు కూడా. ఏమని చెప్పాడో మాత్రం తెల్లారాక తెలిసింది.

పిల్లలు వరసలో వస్తున్నారు, ముందు కరస్పాండెంటు, పక్కన కోడలు. నేనూ మా ఆవిడా వెనక. కల్లం చేరేసరికి ఆ మూల నేల అద్దంలా ఉంది. గుండ్రాల్లేవు, పట్టీ లేదు. గుమ్మడికాయ, కొబ్బరికాయ, బత్తాయి చెట్టు నీడన జాగ్రత్తగా పెట్టి ఉన్నాయి. గాజు ముఠా మేస్త్రమ్మ చేతికి ఉంది.

"ఏరా, నేనేం చెప్పాను?" అన్నాను బావమరిదితో.

"నేను చెప్పా బావా! ఆ మూలకి పెద్దోళ్ళొస్తారు, జాగ్రత్త, అక్కడ తేడా రాకూడదని చెప్పా."

"అందుకే పెద్దాయనా, పొద్దున్నే ముందు అక్కడే మొదలుపెట్టాం" అంది మేస్త్రమ్మ గర్వంగా. "ఎవరు పోశారో గానీ ఎర్రకాయల్లో తాలు కలిపేశారు. సార్లు చూస్తే మన కల్లానికి మాట కాదా? నాలుగూ ఏరి అవతల పారేశాం. కాయలు కుప్పలో కలిపాం. ఆ ముగ్గుపిండి కూడా ఊడ్చేశాం, కాయకి అంటుకుంటదని. గాజు ఎవరిదో పోద్దని చేతికేసుకున్నా, తీసుకోమ్మా."

"మరి నిమ్మకాయలు?"

"మజ్జిగలో పిండాం. ఎండ గదా."

యురేనస్, నెప్ట్యూన్ మజ్జిగలో కలిశాయి. ప్లూటో మనిషెత్తు తాలు కుప్పలో ఎక్కడో ఉంది. కోడలు ఆ ఖాళీ నేల వంక చూస్తూ నిలబడింది. అన్నేళ్ళు ఎదురుచూసిన గంట ఇదీ.

"మొదలుపెడదామా మేడమ్? నాకు మళ్ళీ బ్యాంకులో పని ఉంది" అన్నాడు కరస్పాండెంటు ఫోనులో టైము చూసుకుంటూ.

పిల్లల్లో గుసగుసలు. ముఠా వాళ్ళు మాత్రం తమ పనిలో పడ్డారు. పెద్ద కుప్ప చుట్టూ కాయలు పలచగా పరచి ఉన్నాయి, వాటి మధ్య ఒక్కొక్కరూ దూరదూరంగా కూర్చుని ఏరుతున్నారు. కోడలు కాసేపు వాళ్ళ వంకే చూసింది. తర్వాత పిల్లల్ని అటువైపు తిప్పింది.

"పిల్లలూ, ఆ పెద్ద కుప్ప సూర్యుడు. దాని చుట్టూ ఎవరున్నారు?"

"ఆంటీలు మేడమ్!"

"వాళ్ళు గ్రహాలా కాదా మనం తేల్చాలి. మొదటి నియమం: సూర్యుడి చుట్టూ తిరగాలి. ఇందాకటి నుంచీ చూస్తున్నారుగా, ఏరుకుంటూ జరుగుతూ కుప్ప చుట్టూ వస్తున్నారా లేదా?"

"వస్తున్నారు!"

"రెండోది: గుండ్రంగా ఉండాలి."

"మా మేస్త్రమ్మకి ఢోకా లేదు" అంది ముఠాలోంచి ఒకావిడ.

"ఎవతే అది? నీ కొలత నేను చూస్తా ఉండు" అంది మేస్త్రమ్మ. పిల్లలు పడీపడీ నవ్వారు. కరస్పాండెంటు ఫోను జేబులో పెట్టాడు.

"ఇప్పుడు మూడోది. మేస్త్రమ్మ గారి చుట్టూ చూడండి. ఏముంది?"

పిల్లలు ముందుకు వంగారు. చేయి అందినంత మేర ఆమె చుట్టూ నేల ఖాళీగా, గుండ్రంగా ఉంది. ఎర్రకాయలు ఒకవైపు గంపలోకి, తాలు వెనక్కి. ప్రతి ఒక్కరి చుట్టూ అలాంటి ఖాళీ గుండ్రమే.

"ఏం లేదు మేడమ్. ఖాళీ!"

"ఎందుకు ఖాళీ? తన దారిలో ఉన్నవాటిని కొన్ని లాక్కుంది, కొన్ని విసిరేసింది. చోటు చేసుకుంది. అందుకని మేస్త్రమ్మ?"

"గ్రహం!"

"విన్నారా, నేను గ్రహాన్నంట" అంది మేస్త్రమ్మ మిగతావాళ్ళతో.

అంతవరకు బాగానే ఉంది. అప్పుడు కోడలు నా వైపు తిరిగింది. "మావయ్యగారూ, మీరు కూడా వచ్చి కాసేపు కూర్చుని ఏరతారా?"

నాకు ఉద్దేశం అర్థం కాలేదు. సాయం అడిగిందనుకుని పంచె సర్దుకుని కాయల మధ్య కూర్చున్నాను. తాలు, ఎరుపు అని రెండే రకాలు చేయడం నా చేత కాదు. తొడిమ ఉన్నవి ఒకచోట, తొడిమ ఊడినవి ఒకచోట, ముడతలు పడ్డవి ఒకచోట, చివర నల్లబడ్డవి ఇంకోచోట పెట్టుకుంటూ పోయాను. సగం తెల్లగా సగం ఎర్రగా ఉన్న కాయ ఒకటి దొరికితే వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఆలోచిస్తున్నాను. తలెత్తి చూస్తే పిల్లలంతా నా చుట్టూ ఉన్నారు.

"తాతగారు సూర్యుడి దగ్గరే ఉన్నారా?" అంటోంది కోడలు.

"ఉన్నారు!"

"గుండ్రంగా?"

"పొట్ట ఉంది మేడమ్!"

"చుట్టూ?"

"అన్నీ అట్టాగే ఉన్నాయి మేడమ్! ఇంకా ఎక్కువయ్యాయి!"

"అయితే తాతగారు?"

"మరుగుజ్జు గ్రహం!" అని కల్లం దద్దరిల్లేలా అరిచారు. బావమరిది నవ్వీ నవ్వీ మిరప ఘాటు గొంతుకి తగిలి దగ్గుతో కూలబడ్డాడు. మా ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో ఇన్నేళ్ళుగా తను చెప్పలేకపోయిన మాటేదో ఆ పిల్లలు చెప్పినట్టుంది ఆమె వాలకం.

రెండు జడల అమ్మాయి ఒకతి చెయ్యెత్తింది. "మేడమ్, తాతగారు కూడా ఏరుతున్నారుగా. నిదానంగా ఏరితే ఏరేవాళ్ళలో లెక్క కాదా?"

"అట్టా అడుగు!" అంది మా ఆవిడ, డెమో క్లాసని మరిచిపోయి.

"మంచి ప్రశ్న. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఇప్పటికీ దీని మీదే పోట్లాడుకుంటున్నారు. మరుగుజ్జు గ్రహమైనా గ్రహమే కదా అనేవాళ్ళు ఉన్నారు. ఒకటి ఒప్పుకుంటే వందలొస్తాయి, ఎక్కడ ఆపుతారు అనేవాళ్ళూ ఉన్నారు. పెద్దయ్యాక మీరే తేల్చండి."

తర్వాత ఆ అమ్మాయినీ మిగతావాళ్ళనీ కుప్ప దగ్గరికి తీసుకెళ్ళి, ఎర్రకాయల్లో ఇంకా మిగిలిన తాలు వెతకమంది. అంత చిన్నవాటిని అంత దూరంనుంచి వెతకడం ఎలా ఉంటుందో అలా తెలిసింది పిల్లలకి. తొమ్మిదేళ్ళకు పైగా ప్రయాణం చేసి ప్లూటో పక్కనుంచి దూసుకుపోయిన నౌక పంపిన ఫోటో ఫోనులో చూపించింది. దానిమీద మంచు మైదానం ఒకటి గుండె ఆకారంలో తెల్లగా ఉంది. ముఠా వాళ్ళు కూడా లేచి వచ్చి చూశారు.

"తెల్లగా ఉంది. తాలే" అంది మేస్త్రమ్మ.

గంట గడిచినా కరస్పాండెంటు బ్యాంకు మాట ఎత్తలేదు. పైగా తనూ పిల్లల మధ్య కూర్చుని, ఫోటోలు తీయించుకుంటూ, రెండు చేతులా కాయలు ఏరాడు. లేచి కోడలి దగ్గరికి వచ్చాడు.

"చాలా బాగుందమ్మా. జూన్ నుంచి ఎనిమిది, తొమ్మిది నువ్వే చూసుకో. రిజిస్టర్లో మాత్రం ప్రస్తుతానికి ప్రైమరీ అసిస్టెంట్ అనే ఉండనిద్దాం. రికార్డులు మార్చడం తలనొప్పి. ఏమని రాస్తే ఏంది, చెప్పే పాఠం ఒకటేగా."

నేను కాయల మధ్యలోంచి లేవబోతూ ఆగాను. కోడలు మామూలుగా ఆయన మాటకి ఎదురు చెప్పే మనిషి కాదు. ఇంట్లో వంట విషయంలో మా ఆవిడకే ఎదురు చెప్పదు.

"సార్, ప్లూటోని ఏమని రాసుకున్నా దానికి తేడా లేదు. దానికి తెలీదు కాబట్టి దాని దారిన అది తిరుగుతుంది. నాకు తెలుస్తుంది సార్. రోజూ సంతకం పెట్టేది నేను. భౌతికశాస్త్రం టీచరని రాస్తేనే ఆ క్లాసులు తీసుకుంటాను. లేకపోతే మూడో తరగతిలోనే ఉంటాను."

ఏరుతున్న చేతులు ఆగాయి. కరస్పాండెంటుకి ఇలాంటి జవాబు అలవాటు లేదు. మనుషులు అలాంటప్పుడు చేసే పనే చేశాడు. కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు. గంటసేపు మిరపకాయలు ఏరిన చేతులతో.

మరుక్షణం ఆయన గెంతడం మొదలుపెట్టాడు. ఒకావిడ పరుగున చెంబు తెచ్చింది. "ఆ మజ్జిగ పొయ్యొద్దు, దాన్లో నెప్ట్యూన్ ఉంది!" అని మా ఆవిడ కేక పెట్టింది. మంచినీళ్ళ బిందె వచ్చింది. కోడలే నీళ్ళు పోసింది. ఆయన కళ్ళు తెరవలేక, ముక్కు కారుతూ, "అట్టాగే రాయిస్తా తల్లీ, టీచరనే రాయిస్తా, ఇంకాస్త పొయ్యి" అన్నాడు. కరపత్రం కోసం ఆయన వెంట తెచ్చుకున్న ఫోటోగ్రాఫరు అది కూడా తీశాడు.

ఇంటికొచ్చాక పెద్ద చర్చ. కళ్ళలో కారం పడ్డవాడు ఇచ్చిన మాట చెల్లుతుందా? చెల్లదని బావమరిది. ముఠా మొత్తం విన్నారు, చెల్లి తీరాలని మా ఆవిడ. నేను అటూ ఇటూ తేల్చలేక ఊరుకున్నాను. కోడలు మాత్రం మూడో తరగతి పరీక్ష పేపర్లు దిద్దుకుంది. ఆ తర్వాత రెండు నెలలూ స్కూలునుంచి ఫోను వస్తే పక్కగదిలోకి వెళ్ళి మాట్లాడేది, బయటికొచ్చి ఏమీ చెప్పేది కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు.

స్కూళ్ళు తెరిచే ముందు అడ్మిషన్ల కరపత్రం పేపర్లో పెట్టి ఇంటింటికీ వేశారు. దాని నడుమ పెద్ద ఫోటో: మిరపకాయల కల్లంలో కరస్పాండెంటు కన్నీళ్ళు కారుస్తూ చేతులు జోడించినట్టు నిలబడి ఉన్నాడు, ఎదురుగా మా కోడలు చెంబుతో. పాఠం విని అంతగా కదిలిపోయాడని ఊళ్ళో సగం మంది ఇప్పటికీ నమ్ముతున్నారు. ఫోటో కింద కోడలి పేరు, దాని పక్కన 'భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని, ఉన్నత పాఠశాల' అని అచ్చయి ఉంది.

నేను చదువుతానని చెయ్యి చాచాను. కోడలు ఇవ్వలేదు. గుమ్మంలో నిలబడి, ఆ ఒక్క లైను తనే ముందు మళ్ళీ ఒకసారి చదువుకుంది.